దూరపు కెమెరాలు, నెమ్మదైన ఇంటర్నెట్: టైమ్‌ల్యాప్స్‌కు స్ట్రీమ్ ఎందుకు అక్కర్లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: నిర్మాణం జరుగుతున్న స్థలంలో మూడు ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ ద్వారా దృశ్యం పంపేవి) ఒకే 4జీ రౌటర్‌కు కలిపి ఉన్నాయి. అప్‌లోడ్ వేగం 300 నుంచి 500 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) మధ్య ఊగిసలాడుతోంది. పద్దెనిమిది నెలల పని పూర్తయ్యాక మూడు నిమిషాల టైమ్‌ల్యాప్స్ వీడియో (విరామాలతో తీసిన ఫొటోలను వరుసగా పేర్చి, నెలల పనిని నిమిషాల్లో చూపేది) కావాలి. అందుకోసం మీరు ఆఫీసులోని సర్వర్ నుంచి ఆ కెమెరాల ఆర్‌టీఎస్‌పీ స్ట్రీమ్‌ను, అంటే అవి నెట్‌వర్క్ మీద ఆగకుండా పంపే వీడియోను, రాత్రింబవళ్ళు రికార్డు చేస్తూ, తరువాత అందులోంచి ఫ్రేములు ఏరుకుంటున్నారు. దృశ్యం బూడిద రంగు పులిమినట్లు చెదిరిపోతోంది, గంటల తరబడి రికార్డింగ్ ఆగిపోతోంది. స్ట్రీమ్ నాణ్యతను ఇంకా తగ్గించాలా, లేక వేరే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారాలా అని అడిగారు.

రెండూ అక్కర్లేదు. స్ట్రీమ్‌ను ఇంటర్నెట్ మీదుగా లాగడం మానేయండి. కెమెరాల పక్కనే ఒక చిన్న కంప్యూటరు పెట్టి, అది నిర్ణీత సమయానికి ఒక్కో కెమెరా నుంచి ఒక్కో ఫొటో తీసి తన దగ్గరే దాచుకొనేలా, లైను బాగున్నప్పుడు వాటిని సర్వర్‌కు పంపేలా అమర్చుకోండి. ఫొటో తీయడం గడియారాన్ని బట్టి జరగాలి, పంపడం లైనును బట్టి జరగాలి. ఈ రెండు పనులనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టినంత కాలం, లైను తెగిన ప్రతిసారీ మీ వీడియోలో ఒక కంత పడుతూనే ఉంటుంది. విడదీస్తే లైను రెండు రోజులు పడిపోయినా ఫొటోలు ఆలస్యంగా వస్తాయే తప్ప పోవు.

ముందుగా లెక్క చూడండి, ఎందుకంటే ఈ లెక్క వేసుకుంటే సందేహం దానంతటదే తీరుతుంది. 1080పీ స్ట్రీమ్‌కు 2 ఎంబీపీఎస్ అనుకుంటే, ఒక్క కెమెరా రోజుకు 21.6 జీబీ పంపాలి. మీ లైను ఎంత కష్టపడినా అందులో పావు వంతుకు మించి మోయలేదు, పైగా కెమెరాలు మూడు. మరి మీకు నిజంగా కావలసింది ఎంత? మూడు నిమిషాల వీడియోకు సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 4,500 ఫ్రేములు చాలు. పది నిమిషాలకొక ఫొటో, పగటి పన్నెండు గంటలు మాత్రమే తీసినా రోజుకు 72, సుమారు 540 రోజులకు 38,880 ఫొటోలు వస్తాయి. అంటే దాదాపు 26 నిమిషాల వీడియోకు సరిపడే సరుకు. మీరు కోరుకున్నదానికి ఎనిమిది రెట్లకు పైనే. పది నిమిషాల స్ట్రీమ్‌లో 15,000 ఫ్రేములు ఉంటాయి, వాటిలో మీరు వాడుకొనేది ఒక్కటే. చెంబెడు నీళ్ళ కోసం చెరువంతా తోడుతున్నారన్నమాట.

ఒక్కో జేపెగ్ ఫొటో 300 కేబీ అనుకుంటే మూడు కెమెరాలకూ కలిపి రోజుకు సుమారు 65 ఎంబీ అవుతుంది. మీ లైను అత్యంత నెమ్మదిగా, 300 కేబీపీఎస్‌తో నడిచినా అది అరగంటలోపు పని. మిగిలిన ఇరవై మూడున్నర గంటలు లైను ఖాళీగానే ఉంటుంది. ఇంకా ముందుకు వెళ్ళి, మీ కెమెరాలు 4కే రకమైతే, ఒక్కోటి 1.5 ఎంబీ ఉండే పూర్తి స్థాయి ఫొటోలు తీసినా రోజుకు 324 ఎంబీ, అంటే రెండున్నర గంటల అప్‌లోడ్. కాబట్టి మీరు నాణ్యతను తగ్గించవలసిన పని లేదు, పెంచుకోవచ్చు. నెమ్మదైన లైనుపై స్ట్రీమ్‌ను కుదించి కుదించి మసకబారిన వీడియోతో సరిపెట్టుకున్నవారిని చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అదే లైనుపై పెద్ద తెరకు సరిపోయే ఫొటోలు నిక్షేపంగా వచ్చేవి.

బూడిద పులిమినట్లు ఎందుకు కనిపిస్తోందో కూడా చెబుతాను. హెచ్.264 వంటి వీడియో కుదింపులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. కొంత విరామానికి ఒక కీఫ్రేమ్ మాత్రమే పూర్తి బొమ్మగా వస్తుంది, మధ్యలోవి ముందరి ఫ్రేముతో పోలిస్తే ఏం మారిందో మాత్రమే చెబుతాయి. పోయినవాటిని తిరిగి పంపని యూడీపీ పద్ధతిలో కొన్ని ప్యాకెట్లు (డేటా ముక్కలు) దారిలో పోతే, తరువాతి కీఫ్రేమ్ వచ్చేదాకా ఆ లోటు ప్రతి ఫ్రేములోనూ పేరుకుంటూ పోతుంది. పోయినవాటిని మళ్ళీ పంపే టీసీపీకి మారితే ప్యాకెట్లు పోవు గాని, లైను మోయగలిగిన దానికన్నా ఎక్కువ డేటా వస్తున్నప్పుడు ఆలస్యం పెరిగి పెరిగి చివరకు కనెక్షనే తెగుతుంది. సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన ఈ రెండింటిలో ఏదీ పోదు. జేపెగ్ ఫొటో అయితే దేనికది సంపూర్ణం, ఒకటి చెడినా పక్కదానికి హాని లేదు.

ఇక ఫొటో తీసే విధానం. చాలా ఐపీ కెమెరాలలో స్నాప్‌షాట్ కోసం ప్రత్యేకంగా ఒక హెచ్‌టీటీపీ చిరునామా ఉంటుంది, దాన్ని అడిగితే ఆ క్షణపు జేపెగ్‌ను ఇస్తుంది. వేర్వేరు కంపెనీల కెమెరాలకు ఉమ్మడిగా ఉండే ఆన్‌విఫ్ ప్రమాణాన్ని పాటించే కెమెరా అయితే ఆ చిరునామాను కెమెరానే అడిగి తెలుసుకొనే పద్ధతి ఆ ప్రమాణంలోనే ఉంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: కొన్ని కెమెరాలు స్నాప్‌షాట్‌ను అసలు రిజల్యూషన్‌లో ఇవ్వవు. మెయిన్ స్ట్రీమ్ 4కేలో ఉన్నా స్నాప్‌షాట్ మాత్రం 640 పిక్సెళ్ళ వెడల్పుతో వస్తుంది. మొదటి రోజే ఒక ఫొటో తీసి కొలతలు చూసుకోండి. చిన్నదిగా వస్తే, అక్కడే ఉన్న కంప్యూటరు నుంచి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో ఆర్‌టీఎస్‌పీ మెయిన్ స్ట్రీమ్‌ను టీసీపీపై తెరిచి, ఒక్క ఫ్రేము తీసుకొని మూసేయవచ్చు. కెమెరాకు, ఆ కంప్యూటరుకు మధ్య ఉన్నది స్థానిక నెట్‌వర్క్ కాబట్టి అక్కడ వేగానికి కొరత ఉండదు. కెమెరా సెట్టింగులలో కీఫ్రేమ్ విరామాన్ని ఒకటి రెండు సెకన్లకు తగ్గించుకుంటే ఆ ఫ్రేము కోసం ఎక్కువసేపు ఎదురుచూడనక్కర్లేదు.

ఆ చిన్న కంప్యూటరుగా రాస్ప్‌బెర్రీ పై చాలు, పాత ల్యాప్‌టాప్ ఉన్నా చాలు. లైనక్స్‌లో పనులను వేళకు నడిపే క్రాన్‌లో పది నిమిషాలకొకసారి నడిచే చిన్న స్క్రిప్టు రాస్తే పని జరుగుతుంది. అయితే ఆ స్క్రిప్టులో మూడు విషయాలు తప్పనిసరిగా ఉండాలి. మొదటిది కాలపరిమితి. కెమెరా జవాబివ్వకుండా వేలాడితే ఫొటోను తెచ్చే కర్ల్ అనే ప్రోగ్రామ్ దానంతటది ఆగదు. కనెక్షన్‌కు ఇన్ని సెకన్లు, మొత్తం పనికి ఇన్ని సెకన్లు అని చెప్పకపోతే వేలాడే ప్రాసెస్‌లు ఒకదానిపై ఒకటి పేరుకుపోయి చివరకు కంప్యూటరే మొరాయిస్తుంది. రెండవది, ఫొటోను ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకనే అసలు పేరుకు మార్చడం. అప్పుడు సగం రాసిన ఫైలును పంపే స్క్రిప్టు పొరపాటున ఎత్తుకుపోదు. మూడవది ఫొటో నిజంగా పూర్తిగా వచ్చిందో లేదో చూడడం. సరైన జేపెగ్ ఫైలు ఎఫ్‌ఎఫ్ డీ8 అనే రెండు బైట్లతో మొదలై సాధారణంగా ఎఫ్‌ఎఫ్ డీ9తో ముగుస్తుంది. ముగింపు బైట్లు లేకపోతే వెంటనే మరోసారి అడగండి. పది నిమిషాల వ్యవధిలో రెండు మూడు సార్లు ప్రయత్నించడానికి కావలసినంత సమయం ఉంటుంది.

ఫైలు పేరులోనే కెమెరా గుర్తు, తేదీ, సమయం ఉండాలి. సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను ఆ వరుసలోనే, యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) రాయండి. అక్షర క్రమంలో పేర్చితే అదే కాలక్రమం అవుతుంది. గడియారం విషయంలో రాస్ప్‌బెర్రీ పై కొంచెం ఇబ్బంది పెడుతుంది. రాస్ప్‌బెర్రీ పై 5కు ముందరి మోడళ్ళలో విద్యుత్తు లేనప్పుడు కూడా నడిచే గడియారం ఉండదు, పై 5లో ఉన్నా దానికి బ్యాటరీ విడిగా తగిలించాలి. కరెంటు పోయి వచ్చి, అదే సమయానికి ఇంటర్నెట్ కూడా లేకపోతే ఎన్‌టీపీ ద్వారా ఇంటర్నెట్ నుంచి వచ్చే సరైన సమయం అందదు, ఫొటోలన్నీ తప్పు సమయంతో పడతాయి. డీఎస్3231 రకం ఆర్‌టీసీ (బ్యాటరీతో నడిచే గడియారం) మాడ్యూల్ ఒకటి తగిలిస్తే ఈ చిక్కు ఉండదు.

పంపే పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నెమ్మదైన లైనుపై గెలుపోటములు ఇక్కడే తేలతాయి.

నేను ఎక్కువగా ఎస్‌ఎస్‌హెచ్ (భద్రమైన లాగిన్ కనెక్షన్) మీద ఆర్‌సింక్ అనే ఫైళ్ళు పంపే ప్రోగ్రామ్‌ను వాడతాను. లైను మధ్యలో తెగితే, తరువాతిసారి ఇంకా చేరనివాటిని మాత్రమే పంపుతుంది. పెద్ద ఫొటోలయితే పార్షియల్ ఆప్షన్ పెట్టండి, సగంలో ఆగిన ఫైలు అక్కడి నుంచే కొనసాగుతుంది. బీడబ్ల్యూలిమిట్ ఆప్షన్‌తో వేగానికి హద్దు పెట్టండి, లేకపోతే అప్‌లోడ్ మొత్తం ఫొటోలే ఆక్రమించి, మీరు దూరం నుంచి ఆ కంప్యూటరులోకి లాగిన్ కావడం కూడా కష్టమవుతుంది. ఈ హద్దును బిట్లలో కాక కిలోబైట్లలో ఇవ్వాలన్నది గుర్తుంచుకోండి: 25 అని ఇస్తే దాదాపు 200 కేబీపీఎస్ అవుతుంది. మీ లైనుకు పగలంతా అదే సరిపోతుంది, రాత్రి హద్దు తీసేయవచ్చు.

రోజుకొక ఫోల్డర్ పెట్టండి. అన్ని ఫొటోలనూ ఒకే ఫోల్డర్‌లో పోస్తే, నెలలు గడిచేకొద్దీ ఆర్‌సింక్ ప్రతిసారీ వేల ఫైళ్ళ జాబితాను అవతలి వైపుకు పంపవలసి వస్తుంది, నెమ్మదైన లైనుపై ఆ జాబితాకే నిమిషాలు పడుతుంది. ఇటీవలి వారం రోజుల ఫోల్డర్లను మాత్రమే తరచుగా పంపి, పాతవాటిని వారానికొకసారి సరిచూసుకుంటే చాలు.

పంపిన వెంటనే ఫొటోలను అక్కడి నుంచి తొలగించే ఆప్షన్ కూడా ఆర్‌సింక్‌లో ఉంది. దాన్ని వాడవద్దని నా గట్టి సలహా. పైన చెప్పిన 4కే లెక్క ప్రకారమే మొత్తం 540 రోజులకు 175 జీబీ అవుతుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి పెడితే ప్రాజెక్టు మొత్తం అక్కడే భద్రంగా ఉంటుంది. సర్వర్‌లో ఏం జరిగినా మూల ప్రతి మిగిలే ఉంటుంది. ఎస్‌డీ కార్డు కన్నా ఎస్‌ఎస్‌డీ మేలు, ఎందుకంటే ఏడాదిన్నర పాటు నిరంతరం రాయడాన్ని, ఆకస్మికంగా కరెంటు పోవడాన్ని మామూలు కార్డులు తట్టుకోలేవు. 2007లో మొదలైన ఎక్స్‌ట్రీమ్ ఐస్ సర్వేలో గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, అలాస్కా హిమానీనదాల దగ్గర పెట్టిన టైమ్‌ల్యాప్స్ కెమెరాలు ఫొటోలను అక్కడే కార్డులో దాచుకొనేవి, మనుషులు వెళ్ళి తెచ్చుకొనేవారు. అసలు ఇంటర్నెట్టే లేని చోట ఆ పద్ధతి నడిచిందంటే, కొద్దిపాటి ఇంటర్నెట్ ఉన్న చోట స్థానిక నిల్వపై ఆధారపడడానికి సంకోచించనక్కర్లేదు.

యజమానికి ఇప్పటి స్థితి వెంటనే కనిపించాలని ఒత్తిడి ఉంటే, ప్రతి ఫొటోకూ 640 పిక్సెళ్ళ చిన్న ప్రతిని తయారు చేసి, తీసిన వెంటనే అది పంపండి, పెద్దది రాత్రికి పంపండి. నేను చూసుకున్న ఒక నిర్మాణ స్థలంలో పగలు లైను దాదాపు పడకేసేది, అర్ధరాత్రి దాటాక చక్కగా నడిచేది. చిన్న ప్రతులు పగలు, పెద్దవి రాత్రి అని విడదీశాక అక్కడి కెమెరాల గురించి ఫిర్యాదు రాలేదు. లైను చాలాసేపు తెగి మళ్ళీ వచ్చినప్పుడు చిన్న ప్రతులలో తాజావి ముందు వెళ్ళాలి, పెద్దవాటిలో పాతవి ముందు వెళ్ళినా ఇబ్బంది లేదు.

కంప్యూటరు పెట్టే వీలే లేకపోతే, కెమెరాలోనే ఉండే ఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపే పాత పద్ధతి) అప్‌లోడ్‌ను వాడుకోవచ్చు. 2008లో మొదలైన ఫీనోకామ్ నెట్‌వర్క్, చెట్లు చిగురించడాన్నీ ఆకు రాల్చడాన్నీ గమనించడానికి, సాధారణంగా అరగంటకొక ఫొటోను కెమెరాయే సర్వర్‌కు పంపే పద్ధతిలో ఏళ్ళ తరబడి నడుస్తోంది. అయితే చాలా కెమెరాలు ఒకసారి పంపడం విఫలమైతే మళ్ళీ ప్రయత్నించవు, మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా వెళ్తుంది. కాబట్టి అది రెండవ ఎంపికే.

ఇక్కడే మరో చిక్కు గురించి చెప్పాలి. 4జీ నెట్‌వర్క్‌లో మీ రౌటర్‌కు సాధారణంగా సొంత పబ్లిక్ ఐపీ చిరునామా ఉండదు, బయటి నుంచి కెమెరాను నేరుగా చేరుకోలేరు. లోపలి నుంచి బయటకు పంపే పద్ధతికి ఈ అడ్డంకే రాదు. పబ్లిక్ ఐపీ దొరికినా కెమెరా పోర్టును ఇంటర్నెట్‌కు తెరవవద్దు. 2016లో మిరాయ్ బాట్‌నెట్ (పరికరాలను ఆక్రమించి దాడులకు వాడే దండు) ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని ఐపీ కెమెరాలను, రౌటర్లను పెద్ద ఎత్తున ఆక్రమించింది. దూరం నుంచి సెట్టింగులు మార్చవలసి వస్తే ఆ చిన్న కంప్యూటరు నుంచి సర్వర్‌కు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (గుప్త) కనెక్షన్ పెట్టుకోండి, 25 సెకన్ల కీప్‌అలైవ్ (కనెక్షన్‌ను తెరిచి ఉంచే చిన్న సందేశం) ఇస్తే అది చెక్కుచెదరకుండా నిలబడుతుంది.

కెమెరాపైనే కాదు, ఫొటోల మీద కూడా నిఘా ఉండాలి. సర్వర్‌కు రెండు గంటలుగా ఫొటో రాకపోతే మెయిల్ రావాలి, ఇది అందరూ పెట్టుకుంటారు. కానీ ఫైళ్ళు సక్రమంగా వస్తూనే, లోపల బొమ్మ గడ్డకట్టుకుపోయే సందర్భాలు ఉంటాయి. ఒక చోట కెమెరాలో బొమ్మను కుదించే ఎన్‌కోడర్ నిలిచిపోయి, అడిగిన ప్రతిసారీ అదే పాత ఫ్రేమును ఇస్తూ వచ్చింది. ఫైళ్ళ సంఖ్య చూస్తే అంతా బాగున్నట్లే కనిపించింది. వరుసగా వచ్చిన రెండు ఫొటోల హ్యాష్ (ఫైలులోని డేటా నుంచి లెక్కించే గుర్తు) అచ్చంగా ఒకటే అయితే అనుమానించండి. నిజమైన సెన్సర్ నుంచి వచ్చిన రెండు ఫొటోలు బైటు బైటుకీ సమానంగా ఉండడం దాదాపు అసాధ్యం. అయితే ఫొటోపై సమయం ముద్రించే కెమెరాలలో ఆ అంకెలు మారడం వల్ల హ్యాష్ మారిపోవచ్చు. అందుకే టైమ్‌ల్యాప్స్ కోసం ఆ ముద్రణను ఆపివేయడమే మంచిది, వీడియోలో కూడా అది కంటికి అడ్డుగా ఉంటుంది. ఫైలు పరిమాణం కూడా చాలా చెబుతుంది: ఉన్నట్టుండి బాగా తగ్గితే పొగమంచో, లెన్సుపై దుమ్మో, నల్లటి తెరో కావచ్చు. చీకట్లో పెరిగితే అది సెన్సర్ నాయిస్, ఎందుకంటే నాయిస్‌ను జేపెగ్ కుదించలేదు.

కెమెరా సెట్టింగులలో వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తీసి ఒక స్థిర విలువకు పెట్టండి. ఫీనోకామ్‌లోనూ ఇదే నియమం. లేకపోతే మబ్బు పట్టిన ప్రతిసారీ రంగు మారి, వీడియోలో నీలం, పసుపు మార్చి మార్చి మెరుస్తాయి. ఎక్స్‌పోజర్ మాత్రం ఆటోలోనే ఉంచండి, ఉదయం నుంచి సాయంత్రం దాకా వెలుతురు అంతగా మారే చోట దాన్ని బిగించలేము. మిగిలిన చిన్నపాటి మిణుకును ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని డీఫ్లికర్ ఫిల్టర్ చాలావరకు సరిచేస్తుంది.

వీడియో కూర్చేటప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు వరుస సంఖ్యల నమూనా ఇస్తే, మధ్యలో ఒక సంఖ్య లేకపోయినా అక్కడితో ఆగిపోతుంది. గ్లోబ్ నమూనా (*.jpg వంటిది) ఇవ్వండి, ఉన్న ఫైళ్ళన్నిటినీ పేరు వరుసలో తీసుకుంటుంది. పిక్సెల్ ఫార్మాట్‌ను (రంగులను దాచే తీరును) వైయూవీ420పీగా (yuv420p) స్పష్టంగా చెప్పండి, లేకపోతే కొన్ని ప్లేయర్లలో వీడియో తెరుచుకోదు. 38,880 ఫొటోలను మూడు నిమిషాలకు కుదించేటప్పుడు ఎనిమిదింటిలో ఒకటి గుడ్డిగా తీసుకోవద్దు. ప్రతిరోజూ ఒకే వేళల్లో తీసినవి ఎంచుకుంటే నీడలు ఒకే వైపుకు ఉండి కట్టడం పెరగడం స్పష్టంగా కనిపిస్తుంది. వీడియో చూసినవారు మెచ్చుకొనేది సాధారణంగా ఈ ఒక్క ఎంపికనే.

కొందరు వీడియోను స్థలంలోనే కూర్చి, వీడియోను మాత్రమే పంపమంటారు. నిమిషానికొక ఫొటో చొప్పున 24 గంటలూ తీసే పనికి అది నిజంగా ఉపయోగమే. 1,440 ఫొటోలు 432 ఎంబీ అయితే, వాటి 57.6 సెకన్ల వీడియో 6 ఎంబీపీఎస్ దగ్గర 43 ఎంబీయే. కానీ టైమ్‌ల్యాప్స్‌లో పక్కపక్క ఫ్రేముల మధ్య మార్పు ఎక్కువ కాబట్టి మామూలు వీడియో అంత బాగా కుదించబడదు, నాణ్యత తగ్గుతుంది, ఎంచుకొనే స్వేచ్ఛ కూడా పోతుంది. మీ విరామానికి దాని అవసరం లేదు.

ఈ వారం స్థలానికి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌ను ఆ రౌటర్‌కు కలిపి, మూడు కెమెరాల స్నాప్‌షాట్ చిరునామాలనూ తెరిచి, ఒక్కో ఫొటో వెడల్పు, ఎత్తు, ఫైలు పరిమాణం రాసుకోండి. ఆ తొమ్మిది అంకెలూ ఇక్కడ పెడితే, మీకు స్నాప్‌షాట్ సరిపోతుందో, ఆర్‌టీఎస్‌పీ నుంచి ఫ్రేము తీయాలో చూసి, స్క్రిప్టు రూపం చెబుతాను.